మత్తు గురించి అడిగే ప్రశ్నకు బిల్లు కోడ్ ఉందా అని రాష్ట్రాలను అడిగితే సరిపోదు

సంపాదకుల వారికి,

నమస్కారములు. అమెరికాలో మత్తుమందుల మోతాదు మించి మరణిస్తున్నవారి గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. 2023లో ఒక్క ఏడాదే సుమారు 1,05,000 మంది అలా ప్రాణాలు పోగొట్టుకున్న దేశంలో, రోగి జ్వరమనో రక్తపోటనో మామూలు వైద్యుని దగ్గరికి వచ్చినప్పుడు మద్యం, మత్తుమందుల వాడకం గురించి నాలుగు ప్రశ్నలు అడిగే పద్ధతి ఇంకా ఎందుకు స్థిరపడలేదని వ్యాసకర్త ప్రశ్నించారు. దానికి జవాబులో కొంత భాగం బిల్లులు తయారు చేసే మా వెనక గదిలో ఉంది. ఆ దేశంలో ఒక ప్రాథమిక వైద్య క్లినిక్‌లో చాలా ఏళ్లుగా బిల్లింగ్ పని చేస్తున్నాను. మరికొన్ని క్లినిక్‌లతో కలిసి, రాష్ట్రాల మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కార్యాలయాలకు ఈ స్క్రీనింగ్‌కు, అంటే ఆ ప్రశ్నలడిగే పనికి, వేసే బిల్లు కోడ్‌ల గురించి మేము ఒక ప్రశ్నావళి పంపాము. దాన్ని తయారు చేసినవారిలో నేనూ ఒకతెను కాబట్టి, అందులో మేము చేసిన పొరపాటును కూడా కలిపి చెప్పడం న్యాయమనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా కోడ్‌ల సంగతి. ఈ పనికి ఎస్‌బిఐఆర్‌టి అని పేరు: మొదట ప్రశ్నలడిగి పరీక్షించడం, అవసరమైతే కొద్దిసేపు మాట్లాడి హెచ్చరించడం, ఇంకా అవసరమైతే చికిత్సకు పంపడం. ఏ పని చేశామో బీమాకు తెలపడానికి బిల్లులో వేసే కోడ్‌లు దీనికి 2008 నుంచి 99408, 99409 అని ఉన్నాయి. మొదటిది 15 నుంచి 30 నిమిషాల పనికి, రెండోది 30 నిమిషాలు దాటిన పనికి. ముఖ్యంగా వృద్ధుల కోసం కేంద్రం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ తన వంతుగా జి 0396, జి 0397 పెట్టుకుంది. మెడికెయిడ్ కోసం ఉద్దేశించినవి హెచ్ 0049, హెచ్ 0050. వీటిలో హెచ్ 0049 కేవలం పరీక్షకు, హెచ్ 0050 ప్రతి 15 నిమిషాల సలహాకు.

ఇందులో మెలిక ఒకటుంది. ప్రశ్నలకు జవాబిచ్చే రోగుల్లో ఎక్కువమందికి ఏ సమస్యా తేలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ఆడిట్ ప్రశ్నావళిలో ఉన్నవి 10 ప్రశ్నలే. రోగి వాటిని వేచి ఉండే గదిలోనే నింపేస్తాడు, నర్సు మార్కులు కూడుతుంది, 8కి లోపు వస్తే వైద్యుడు ఒక మాట చెప్పి ముందుకు సాగుతాడు. అంతా కలిపి అయిదారు నిమిషాలు. ఆ అయిదారు నిమిషాలకు 99408 వేయకూడదు, వేస్తే అది తప్పుడు బిల్లు. అంటే ఒక రాష్ట్రం 99408ని మాత్రమే అంగీకరించి హెచ్ 0049ని మూసి ఉంచితే, సమస్య ఉన్న రోగితో మాట్లాడినందుకు డబ్బు ఇస్తుంది గానీ, ఆ సమస్య ఎవరికి ఉందో వెతికినందుకు ఏమీ ఇవ్వదు. మెడికేర్ ఈ ఇబ్బందిని గుర్తించి 2019లో 5 నుంచి 14 నిమిషాల పనికి జి 2011 అనే కోడ్‌ను చేర్చింది. అయితే మెడికేర్ దేశమంతటికీ ఒకటే కాబట్టి అక్కడ ఒక్క నిర్ణయంతో పని జరిగిపోతుంది. మెడికెయిడ్ అలా కాదు. కేంద్రమూ రాష్ట్రమూ కలిసి ఖర్చు భరించే ఆ పథకంలో ఏ కోడ్‌ను ఒప్పుకోవాలో, దానికి ఎంత ఇవ్వాలో, ఎవరు చేస్తే ఇవ్వాలో చాలావరకు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది. న్యూయార్క్ హెచ్ 0049, హెచ్ 0050 కోడ్‌లతో నడుస్తూ, ఈ పని చేసేవారికి లైసెన్సు ఉంటే కనీసం 4 గంటల శిక్షణ, లేకపోతే 12 గంటల శిక్షణ ఉండాలంటుంది. ఆ నియమం తెలియని క్లినిక్ కోడ్ సరిగ్గానే వేసినా, తనిఖీలో తీసుకున్న సొమ్ము తిరిగి కట్టవలసి రావచ్చు.

రాష్ట్రాలను సర్వే చేయవలసిన అవసరం ఇక్కడి నుంచే వచ్చింది. మా మొదటి ప్రశ్నావళిలో మేము అడిగింది ఒక్కటే: జి 2011 కాక పైన చెప్పిన ఈ ఆరు కోడ్‌లలో మీ రాష్ట్రం వేటిని అంగీకరిస్తుంది? జవాబులు వచ్చాయి, వాటితో అందమైన పట్టిక తయారైంది. ఆ పట్టికను చూసి సంతోషించిన వారం రోజుల్లోనే అది తప్పని తెలిసింది. అంగీకరిస్తామని రాసిన ఒక రాష్ట్రంలోని క్లినిక్ నుంచి నాకు ఒక క్లెయిము, అంటే బీమాకు పంపిన బిల్లు, ప్రతి వచ్చింది. రోగికి 22 నిమిషాలు కేటాయించారు, ఏ ప్రశ్నావళి వాడారో, ఎన్ని మార్కులు వచ్చాయో, మాట్లాడటం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో నోట్సులో స్పష్టంగా ఉంది. వైద్యుని సందర్శన అదే రోజు చేసిన వేరే పని అని తెలిపే మాడిఫయర్ 25 కూడా పెట్టారు. అయినా 99408 వరుసలో చెల్లింపు సున్నా, పక్కన సిఓ-97 అనే గుర్తు. దాని అర్థం, ఈ సేవకు డబ్బు అదే రోజు చేసిన మరో సేవలో కలిసిపోయిందని. నేను ఆ రాష్ట్ర కార్యాలయానికి ఫోన్ చేశాను. విధానాల విభాగంలోని ఆవిడ ఆ కోడ్ ఖాయంగా ఉందని, పట్టికలో చూడమని చెప్పారు. అదే భవనంలోని క్లెయిముల విభాగానికి కలిపితే, అక్కడి ఆయన కొన్ని క్షణాలు తెర చూసి, కోడ్ ఉందిగానీ వైద్యుని సందర్శన కోడ్‌తో అదే రోజు వస్తే కంప్యూటర్ తానే కొట్టేస్తుందని చెప్పారు. ఇద్దరూ అబద్ధమాడలేదు. మా ప్రశ్నే మొదటి ఆవిడ చెప్పిన జవాబుతో ఆగిపోయేలా ఉంది.

దీనికి తోడు ఫీజుల పట్టికలు కూడా మనుషుల్ని తప్పుదారి పట్టిస్తాయి. 99408కి 33.41 డాలర్లు, హెచ్ 0049కి 24 డాలర్లు, హెచ్ 0050కి 48 డాలర్లు అని ఫెడరల్ ప్రచారపత్రాల్లో ఏళ్ల తరబడి తిరిగిన ఒక చిన్న పట్టిక ఉంది. శిక్షణ తరగతులన్నిటిలో దాన్నే తెర మీద చూపించడం వల్ల, తమ రాష్ట్రం కూడా ఆ మొత్తమే ఇస్తుందని ఎందరో క్లినిక్ మేనేజర్లు నమ్మారు. నేనూ ఒకప్పుడు నమ్మాను.

అందుచేత రాష్ట్ర ఆరోగ్య సంస్థలను ఇకముందు ఎవరు సర్వే చేసినా, కోడ్ ఉందా లేదా అన్న దగ్గర ఆగకూడదని నా అభిప్రాయం. ఆ పని వైద్యుడే చేయాలా, నర్సు లేదా హెల్త్ ఎడ్యుకేటర్ చేసినా ఒప్పుకుంటారా అన్నది అడగాలి, ఎందుకంటే క్లినిక్‌లలో ఈ మాటలు మాట్లాడేది ఎక్కువగా వాళ్లే. పేదలకు వైద్యం అందించే ఫెడరల్ అర్హత గల ఆరోగ్య కేంద్రాల సంగతి విడిగా అడగాలి. వాటికి మెడికెయిడ్ ఒక్కో సందర్శనకు ముందే నిర్ణయించిన మొత్తాన్ని ఇస్తుంది కాబట్టి, రాష్ట్రం ఎన్ని కోడ్‌లు తెరిచినా సాధారణంగా అదనంగా ఒక్క డాలరూ రాదు. సమస్య ఎక్కువగా బయటపడే చోటే ఇలా ఉండటం నాకు ఎన్నటికీ మింగుడుపడని విషయం. ఇక మెడికెయిడ్ సభ్యుల్లో ఎక్కువమంది రాష్ట్రం తరఫున బీమా నడిపే ప్రైవేటు మేనేజ్‌డ్ కేర్ కంపెనీల కింద ఉన్నారు. కొన్నిచోట్ల మానసిక, వ్యసన సేవలను ఆ కంపెనీల నుంచి తీసి మరొకరికి అప్పగిస్తారు. అలాంటి చోట, స్క్రీనింగ్ బిల్లును ఇటు పంపితే అటు పంపమంటారు, అటు పంపితే ఇటు పంపమంటారు.

ఎవరిని అడగాలన్నది కూడా చిన్న విషయం కాదు. చాలా రాష్ట్రాల్లో వ్యసన చికిత్స గ్రాంట్లు చూసే సంస్థ వేరు, మెడికెయిడ్ నడిపే సంస్థ వేరు. మొదటి సంస్థకు ఈ కార్యక్రమం ప్రాణం, బిల్లింగ్ వ్యవస్థ మీద మాత్రం దానికి అధికారం ఉండదు. రెండో సంస్థ దగ్గర వ్యవస్థ ఉంది, దానికి ఈ ఆరు కోడ్‌లు వేలాది కోడ్‌లలో ఒక మూల. ఒకే ప్రశ్నావళిని ఇద్దరికీ పంపి, జవాబుల్లో తేడా వచ్చిన చోట మళ్లీ అడగడమే మాకు కుదిరిన మార్గం.

ఒకే రాష్ట్రంలో, ఒకే పథకంలో, పక్కపక్కన కూర్చున్న ఇద్దరు రోగులకు కూడా నియమం వేరుగా ఉండవచ్చు. ఏ నివారణ సేవలు మేలో సిఫారసు చేసే నిపుణుల బృందం అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ పెద్దలకు మద్యం గురించిన స్క్రీనింగ్‌కు 2018లో, మత్తుమందుల వాడకం గురించి అడగడానికి 2020లో బి గ్రేడు ఇచ్చింది, అంటే చేయమని సిఫారసు చేసింది. 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం కింద మెడికెయిడ్ విస్తరణలో కొత్తగా చేరిన పెద్దలకు అలాంటి సేవలు తప్పనిసరిగా అందాలి. పాత పద్ధతిలో ఉన్న పెద్దల విషయంలో అది రాష్ట్రం ఇష్టం. ఇష్టపడి ఆ సేవలన్నిటినీ ఉచితంగా ఇచ్చే రాష్ట్రానికి వాటి ఖర్చులో కేంద్రం వాటా ఒక శాతం పాయింటు పెరుగుతుంది. 21 ఏళ్లలోపు వారికి మరో నియమం. అందువల్ల జవాబులో వయసూ, అర్హత వర్గమూ లేకపోతే ఆ జవాబును పట్టికలో ఎక్కించకపోవడమే మంచిది.

టీనేజర్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. క్లినిక్‌లో బిడ్డ చెప్పిన మాట వైద్యుడు బయటపెట్టకపోయినా, బీమా కంపెనీ ఇంటికి పంపే చెల్లింపు వివరణ పత్రంలో ఆ కోడ్ పేరు పడితే రహస్యం అక్కడే ముగిసింది. ఆ భయంతో కోడ్ వేయకుండా వదిలేసే వైద్యులను నేను ఎరుగుదును, తప్పు పట్టలేను. బిల్లుకూ మౌనానికీ సంబంధం కొత్తదేమీ కాదు. మద్యం మత్తులో గాయపడిన వ్యక్తి క్లెయిమును బీమా సంస్థ తిరస్కరించవచ్చునన్న 1947 నాటి నమూనా చట్టాన్ని చాలా రాష్ట్రాలు అమలులో పెట్టడం వల్ల, అత్యవసర విభాగాల్లో రక్తంలో మద్యం పరీక్షే చేయకుండా ఊరుకున్న రోజులున్నాయి. ఆ నిబంధనను తీసేయమని రాష్ట్రాల బీమా కమిషనర్ల జాతీయ సంఘం 2001లో సిఫారసు చేసింది. కనుక ఈ కోడ్ వేస్తే ఇంటికి వెళ్లే పత్రంలో ఏమి ముద్రితమవుతుందన్న ప్రశ్న కూడా సర్వేలో ఉండి తీరాలి.

పది నిమిషాల మాటకు కూడా డబ్బు లెక్క చూస్తారా అని కొందరు అంటారు. వైద్యుడికి అది ధర్మమే, కాదనను. కానీ ఆ మాటలాడటానికి నియమించిన హెల్త్ ఎడ్యుకేటర్ జీతం నెలనెలా ఇవ్వాలి. గ్రాంటు ఉన్నంతకాలం ఆమె ఉంటుంది, గ్రాంటు అయిపోయాక బిల్లు రాకపోతే ఉండదు. 2003 నుంచి ఫెడరల్ గ్రాంట్లతో మొదలైన కార్యక్రమాలకు గ్రాంటు ముగిసిన తర్వాత ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. మరొక అభ్యంతరంలో మాత్రం బలం ఉంది. కోడ్‌ల లెక్కను చూసి స్క్రీనింగ్ ఎంత జరుగుతోందో చెప్పలేము. ఒరెగాన్ రాష్ట్రం తన మెడికెయిడ్ సంస్థలకు ప్రోత్సాహకాలు ఇచ్చేటప్పుడు ఈ స్క్రీనింగ్‌ను మొదట క్లెయిముల ఆధారంగా లెక్కించి, తర్వాత వైద్య రికార్డుల ఆధారంగా లెక్కించే పద్ధతికి మారింది. అయినా క్లెయిములు మరో సంగతి చెబుతాయి. అంగీకరిస్తామని కాగితం మీద రాసిన కోడ్‌కు నిజంగా చెల్లిస్తున్నారా లేదా అన్నది వాటిలో తప్ప మరెక్కడా కనబడదు.

ఇప్పుడు మేము పంపుతున్న రెండో ప్రశ్నావళిలో మొదటి ప్రశ్నను మార్చాము. ఒక్కో కోడ్‌కు గత 12 నెలల్లో ఎన్ని క్లెయిములు వచ్చాయి, వాటిలో ఎన్నింటికి సొమ్ము చెల్లించారు, తిరస్కరించిన వాటికి ఎక్కువగా ఏ కారణం రాశారు అని అడుగుతున్నాము. జవాబు పక్కన దానికి ఆధారమైన రాష్ట్ర బులెటిన్ తేదీ కూడా కోరుతున్నాము, ఎందుకంటే తేదీ లేని జవాబు మరుసటి జనవరికే పాతబడుతుంది. మీ పాఠకుల్లో అమెరికా ఆస్పత్రులకు మెడికల్ కోడింగ్ చేసేవారూ, అక్కడ వైద్యవృత్తిలో ఉన్నవారూ ఎందరో ఉన్నారు. ఈ ఆరు కోడ్‌లకు తిరస్కరణ వచ్చినప్పుడు దాన్ని ఊరికే మూసివేయకుండా, రోగి వివరాలు తీసేసి, రాష్ట్రం పేరు, పథకం, కారణం గుర్తు ఈ మూడింటినీ తమ సంస్థలో ఒక చోట రాసి ఉంచమని వారిని కోరుతున్నాను. రాష్ట్ర కార్యాలయం అంగీకరిస్తామని రాసి పంపినప్పుడు, దాని పక్కన పెట్టి చూసుకోవడానికి మా దగ్గర ప్రస్తుతం అలాంటి కాగితం ఒక్కటే ఉంది, 22 నిమిషాలకు సున్నా వేసినది.

భవదీయ,
ఒక పాఠకురాలు