గుడ్డ కప్పకముందే ఒకసారి చూడండి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారాలండీ. పాతపట్నం దాటి ఒడిశా సరిహద్దు అవతల అడుగుపెడితే మా పర్లాకిమిడి. మీకు ఓటేసేవాణ్ణి కాను, పొరుగువాణ్ణి. గిడుగు వారు వాడుక భాష కోసం వాదించిన ఊరు కాబట్టి సూటిగానే రాస్తున్నాను.

నేను వడ్రంగిని. తలుపులు, మంచాలు చేసిన చేత్తోనే, తెప్పించుకున్న నక్షలు చూసి మూడేళ్లుగా ఒంటి సీటు విమానం కడుతున్నాను. రెక్కకు ఆకారమిచ్చే రిబ్బులు, వాటిని మోసే పొడవాటి దూలాలు అంటే స్పార్లు, అన్నీ కర్రే. నక్షలో స్ప్రూస్ అనే తేలికపాటి కర్ర వాడమని ఉంది. "మన టేకుండగా అదెందుకురా?" అంటాడు మా బావ. టేకు గట్టిదే, కానీ బరువు ఒకటిన్నర రెట్లు. జిగురు కలిపిన ప్రతిసారీ రెండు ముక్కలు అతికించి, మర్నాడు సుత్తితో కొట్టి చూస్తాను. కర్ర చీలాలి, అతుకు ఊడకూడదు. ఆ ముక్కలన్నిటి మీదా తేదీలు వేసి దాచాను.

ఇక రెక్కలకు గుడ్డ కప్పాలి. కప్పాక లోపలి అతుకు ఎవరికీ కనపడదు. ఆలోపే తెలిసినవాళ్లొచ్చి చూస్తే బాగుంటుందని ఒక ఆఫీసుకు వెళ్లాను. తయారీ కంపెనీ పేరడిగారు. నేనేనన్నాను. కంపెనీ పెట్టుకుని రమ్మన్నారు!

అమెరికాలో 1982 నుంచి, 115 కిలోల లోపు బరువుండి 19 లీటర్లకు మించి ఇంధనం పట్టని ఒంటి సీటు విమానానికి రిజిస్ట్రేషనూ, నడిపేవాడికి లైసెన్సూ అక్కర్లేదు. అంత స్వేచ్ఛ నేనడగను. భయం నాకూ ఉంది. 1930ల్లో ఫ్రాన్స్‌లో అన్రీ మిన్యే ఇచ్చిన నక్షలతో ఎందరో ఇళ్లలోనే బుల్లి విమానాలు కట్టుకున్నారు. ముక్కు బాగా కిందికి వాలితే మళ్లీ లేవని లోపం అందులో ఉందని, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నాక, గాలిని వేగంగా వదిలి పరీక్షించే గాలి సొరంగంలో పెట్టి చూస్తేగానీ తేలలేదు. ఇప్పుడు బ్రిటన్‌లో ఔత్సాహికుల సంఘం తరఫు ఇన్‌స్పెక్టర్లే దశలవారీగా పని చూసి సంతకం పెడతారు.

ముంబైలో మేడమీద విమానం కట్టిన అమోల్ యాదవ్ గారికి రిజిస్ట్రేషన్ 2017లో వస్తే, ఎగిరే అనుమతి 2019లోగానీ రాలేదు. ఆయన పైలట్. మరి వడ్రంగి సంగతి?

విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఉన్న విమాన ఇంజినీర్లలో కొందరికి ఇలాంటివి మధ్యలోనే చూసి రాసిచ్చే అధికారం ఇవ్వండి. ఫీజు, రానుపోను ఖర్చులు నావి. తప్పుందంటే ఆ రెక్క విరగ్గొట్టి మళ్లీ చేస్తాను, అది నాకు కొత్త కాదు.

రెక్కలు షాపు దూలానికి వేలాడుతున్నాయి. వానలు మొదలైతే కర్ర తేమ పీలుస్తుంది. అయినా మీ మనిషి వచ్చేదాకా గుడ్డ పెట్టె విప్పను.

ఇట్లు,
పర్లాకిమిడి వడ్రంగి