కాలువ పడవకూ ఒక మ్యూజియం కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఉగాది సెలవులకు, ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట నిషేధం మొదలవకముందే, మా కుటుంబమంతా ఒంగోలు దగ్గరి కొత్తపట్నం నుంచి నెల్లూరు దగ్గరి మైపాడు దాకా, వీలున్నచోటల్లా జాతీయ రహదారి వదిలి తీరపు ఊళ్ల మీదుగా రెండు రోజులు కారులో ప్రయాణించాము. మైపాడుకు ముందు రోజు రాత్రి బంధువుల ఇంట్లో వంజరం ముక్కలతో, పుల్ల మామిడికాయ వేసి, మట్టిసట్టిలో కాచిన పులుసును వాళ్లు ఆ పూట తిననివ్వలేదు. తెల్లారి నూనె పైకి తేలి, పులుపు ముక్కకు పట్టాక అన్నంలో వడ్డించారు. నెల్లూరు చేపల పులుసు రుచి మరునాటిదేనని ఆ ఇంటి పెద్దమ్మ చెప్పిన మాట నిజం.

అయితే ఈ ఉత్తరం రాయించింది దారి పొడవునా మాకు తోడొచ్చిన బకింగ్‌హాం కాలువ. పెద్దలు ధాత కరువని చెప్పుకునే 1876-78 నాటి కరువులో, ఆకలితో వచ్చిన కూలీల చేత తవ్వించి పాత ముక్కలను కలిపిన ఈ కాలువ పెదగంజాం నుంచి మద్రాసు దాటి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగుతుంది. బియ్యం, ఉప్పు, కట్టెలు మద్రాసుకు చేరింది ఈ నీటి మీదనే. 2004 డిసెంబరు 26న సునామీ అలలు వచ్చినప్పుడు ఆ నీటిని చాలావరకు తనలో ఇముడ్చుకుని వెనుక ఊళ్లను కాచినదీ ఇదే. నేడు గట్ల నిండా సర్కారు తుమ్మ అలుముకుంది.

ఒక ఊరి దగ్గర గట్టు పక్కన సగం ఇసుకలో కూరుకుపోయిన పాత పడవ కనిపించింది. చెక్కలు తెల్లబడ్డాయి, మేకులు తుప్పు పట్టి ముట్టుకుంటే రాలిపోతున్నాయి. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ అలాంటి పడవలను తన తండ్రి మోకు పట్టి లాగేవాడని అక్కడి పెద్దాయన చెప్పారు. మద్రాసుకు ఎంతసేపట్లో చేరేవారని మా మనవడు అడిగితే, "మీ కారు పోయే వేగం కాదు నాయనా, మనిషి నడిచే వేగం" అన్నారు.

1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో సేవ ముగించిన కురుసుర జలాంతర్గామిని విశాఖ తీరాన ఒడ్డుకు చేర్చి 2002లో మ్యూజియంగా మార్చారు. 91 మీటర్ల ఆ నౌకలో నావికులు ఒరిగి నడిచిన ఇరుకు దారిలోనే మనమూ నడుస్తాము, వారు నిద్రించిన పడకలు చూస్తాము. అంత పెద్ద నౌకను ఒడ్డుకు లాగగలిగిన రాష్ట్రానికి ఒక చెక్క పడవ బరువు కాదు. మైపాడుకు వచ్చే సందర్శకులకు దగ్గరగా, కాలువ గట్టునే ఆ పడవను, దాని తెరచాపను, గెడను, మోకును, లాకు తలుపులు తెరిచి మూసే తీరును, మన మత్స్యకారుల వలలను, ఉప్పుకొఠార్ల పనిముట్లను ఒకచోట ఉంచితే చాలు. వివరించడానికి ఆ పడవల మీద పెరిగిన కుటుంబాలవారినే నియమించాలి.

నేను చూసిన పడవకు పక్కచెక్కలు ఇంకా రెండు వైపులా నిలిచే ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోగా దానిని ఇసుకలోంచి తీయించి, పైన రేకుల కప్పయినా వేయించవలసిందిగా ప్రకాశం, నెల్లూరు జిల్లాల కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి