చోటుకు బదులు పని: గంటల లెక్క కాగితం మీద ఉండాలి

సంపాదకుల వారికి,

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా శని, ఆదివారాలు వస్తే పెన్నా లోయ అంచున ఉన్న గండికోటకు బెంగళూరు, హైదరాబాదు బండ్లు వరస కడతాయి. టెంటు క్యాంపుల్లో చేతినిండా పని. మార్చి దాటి ఎండలు ముదిరితే ఆ పని ఉండదు కాబట్టి మనుషులూ నిలవరు. ఇంకోపక్క, వ్యాన్‌నే ఇల్లుగా మార్చుకుని ఒంటరిగా తిరిగేవాళ్లు ఇప్పుడు మన రోడ్ల మీదా కనిపిస్తున్నారు. వాళ్లకు నెలో రెండు నెలలో బండి ఆపుకునే చోటు, కరెంటు, నీళ్లు కావాలి. ఈ రెండు అవసరాలనూ కలిపే పద్ధతి అమెరికా క్యాంప్‌గ్రౌండ్లలో చాలాకాలంగా నడుస్తోంది. వారానికి సుమారు 20 నుంచి 24 గంటలు పనిచేస్తే బండికి చోటు, కరెంటు, నీరు, మురుగు కనెక్షను ఉచితం. ఆపైన చేసే గంటలకు కొన్నిచోట్ల కూలి కూడా ఇస్తారు. ఇది మన సీమకూ రావాలన్నది మా కోరిక. కానీ నోటిమాట మీద మొదలుపెడితే నష్టపోయేది ఒంటరిగా వచ్చిన మనిషే.

చిక్కంతా గంటల లెక్కలోనే ఉంది. ఉదాహరణకు, కరెంటుతో కలిపి బండి చోటు అద్దె రోజుకు 400 రూపాయలు అనుకుందాం. యజమాని ఆ ధరనే 30తో గుణించి నెలకు 12,000 అంటాడు. ఎనిమిది గంటలకు 500 కూలి లెక్కన చూస్తే ఆ 12,000కు నెలకు 192 గంటలు పనిచేయాలి. వారానికి 45 గంటలు. అది పూర్తి ఉద్యోగం, చేతికి మాత్రం రూపాయి రాదు. రోజు అద్దె ఒకటీ రెండు రాత్రులు ఉండేవారికి పెట్టిన ధర, నెలంతా ఉండేవారికి అది వర్తించదు. నెల అద్దె 6,000 అని మాట్లాడుకుంటే 96 గంటలు, వారానికి 22 పైచిలుకు. న్యాయమైన లెక్క అదీ. అంతకు మించి చేయించుకుంటే గంటకింత అని డబ్బు ఇవ్వాలి. ఆ రేటు ఒప్పుకోలు కాగితంలో ముందే రాసుకోవాలి.

దంపతులు వస్తే అవే గంటలను ఇద్దరూ పంచుకుంటారు. అందుకే చాలా క్యాంపులు జంటలనే అడుగుతాయి. ఒంటరి మనిషికి పంచుకునే తోడు లేదు. పగలు గేటు దగ్గర, రాత్రి కాపలాకు అదే మనిషిని పెడితే వారం తిరక్కుండానే ఒళ్లు మొరాయిస్తుంది. ఇక్కడి రద్దీ శుక్రవారం సాయంత్రం మొదలై సోమవారం పొద్దున్నే దిగుతుంది కనుక మంగళ, బుధవారాలు సెలవు ఇవ్వడం యజమానికి బరువు కాదు. ఇంకొక మాట: వ్యాన్‌ను ఒకచోట నిలిపి కరెంటు తగిలించాక కూరగాయల కోసం జమ్మలమడుగు దాకా దాన్ని తీయడం కుదరదు. బండి వెనక స్కూటరైనా ఉండాలి, లేదా క్యాంపు బండిలో వారానికి రెండుసార్లు తీసుకెళ్తామని కాగితంలో ఉండాలి. ఒంటరి మహిళలకు చోటు ఆఫీసు గదికి దగ్గర్లో, దీపం వెలుగులో ఇవ్వాలి. ఖాళీ ఉంది కదా అని లోయ అంచున చివరి చోటు చూపించకూడదు.

కరెంటు విషయంలో మన క్యాంపులు చేసే పొరపాటు ఒకటే, టెంటు బల్బు కోసం లాగిన సన్న వైరుకే వ్యాన్‌ను తగిలిస్తారు. 16 ఆంపియర్ల పాయింటు 230 వోల్టుల దగ్గర సుమారు 3,600 వాట్లు మోస్తుంది. ఒక టన్ను ఏసీకి 1,100, ఇండక్షన్ పొయ్యికి 2,000, నీళ్ల రాడ్‌కు 1,500 వాట్లు కావాలి. మూడూ ఒకేసారి వేస్తే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) పడిపోతుంది. ఏసీ నడిచేటప్పుడు మిగతా రెంటిలో ఒక్కటే వేసుకోవాలని చెబితే సరిపోతుంది. దూరం ఇంకా ముఖ్యం. 60 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే పూర్తి లోడు మీద దాదాపు 14 వోల్టులు కేబుల్‌లోనే పోతాయి. సాయంత్రం లైను వోల్టేజీ 200కు పడినప్పుడు బండిలోకి చేరేది 186. ఏసీ కంప్రెసర్ మూలుగుతుంది గానీ తిరగదు, చివరికి కాలిపోతుంది. అదే 6 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌లో పోయేది 6 వోల్టులు. ఎక్స్‌టెన్షన్ వైరును చుట్టలాగే ఉంచి వాడితే లోపల వేడెక్కి తొడుగు కరుగుతుంది, పూర్తిగా విప్పి పరవాలి.

ఎర్తింగ్ గురించి గట్టిగా చెప్పాలి. వ్యాన్ ఇనుప డబ్బా, నిలబడేది రబ్బరు టైర్ల మీద. లోపల ఎక్కడైనా లీకేజీ ఉంటే బాడీ అంతా కరెంటు ఎక్కి ఉంటుంది, నేల మీద నిలబడి తలుపు పట్టుకున్నవాళ్లకు కొడుతుంది. గండికోట కింద ఉన్నది క్వార్ట్‌జైట్ రాయి. అందులో తడి నిలవదు, రెండడుగుల రాడ్డు దించితే ఎర్తింగ్ అయినట్టు కాదు. తడిని పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి నింపిన ఎర్త్ పిట్ తవ్వించి, ప్రతి పాయింటుకూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్) పెట్టించి, దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది మురుగు. కారవాన్‌లోని క్యాసెట్ టాయిలెట్‌లో బయటికి లాగి ఖాళీ చేసే ట్యాంకు ఉంటుంది, అది 18 నుంచి 20 లీటర్లు పడుతుంది. ఒక మనిషికి మూడు, నాలుగు రోజుల్లో నిండుతుంది. దాన్ని ఎక్కడ పోయాలో చూపించకపోతే రాత్రిపూట పొదల్లోకి పోతుంది. పెన్నా లోయకు పైన ఒకవైపు 26.85 టీఎంసీల గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం. జనం తాగే నీళ్లవి. ఇంకుడు గుంత ఇక్కడ పనిచేయదు. రాయి నీటిని పీల్చదు, ఒక వాన పడితే గుంత పొంగి అంతా లోయలోకి జారుతుంది. కావలసింది అన్ని వైపులా మూసిన ట్యాంకు. ఐదు బండ్లకు, కడిగే నీళ్లతో కలిపి రోజుకు 50 లీటర్లు వేసుకున్నా 2,000 లీటర్ల ట్యాంకు 40 రోజులు వస్తుంది. తర్వాత సెప్టిక్ ట్యాంకు లారీని పిలిపించాలి. పైన మీటరు పొడవు, మీటరు వెడల్పు సిమెంటు గచ్చు, మధ్యకు వాలు, నాలుగు అంగుళాల పైపు, మూత. పక్కన కడుక్కోవడానికి ఒక కొళాయి, దాని మీద ‘తాగే నీరు కాదు’ అన్న బోర్డు. తాగునీటి పైపును ఈ కొళాయికి ఎన్నడూ తగిలించకూడదు. ఫార్మాల్డిహైడ్ ఉన్న టాయిలెట్ ద్రావణాలు సెప్టిక్ ట్యాంకులోని సూక్ష్మజీవులను చంపేస్తాయి, అవి వాడే బండ్లను మామూలు సెప్టిక్ ట్యాంకులో పోయనివ్వకూడదు.

పనికి వచ్చినవారికి మొదటిరోజే నేర్పాల్సింది టెంటు కట్టడం. రాతి నేలలో మేకు దిగదు, వంగిపోతుంది. ఒక్కో తాడుకు 15 కిలోలకు తగ్గని రాయో ఇసుక సంచో కట్టాలి. రాయి అంచు తాడును కోసేస్తుంది కాబట్టి మధ్యలో పాత ట్యూబు ముక్క చుట్టాలి. లోయ మీది గాలి రాత్రి ఎప్పుడు లేస్తుందో తెలియదు, వ్యాన్ పక్కన చాచిన పందిరిని పడుకునే ముందు చుట్టేయడమే మంచిది.

చట్టం మాట కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడం కుదరదు. ఆర్‌టీఓ ఆమోదం లేని వ్యాన్‌కు ప్రమాదం జరిగితే బీమా డబ్బు దగ్గర పేచీ వస్తుంది. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లో వారి వివరాల ఫారం అధికారులకు పంపాలి. పర్యాటక వీసా మీద వచ్చినవారిని చోటుకు బదులైనా సరే పనిలో పెట్టుకోకూడదు. పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లే మన తల్లిదండ్రులకూ ఇదే వర్తిస్తుంది. బి-2 అనే పర్యాటక వీసా మీద ఉంటూ క్యాంప్‌గ్రౌండ్‌లో పనిచేస్తే డబ్బు తీసుకోకపోయినా ఉచిత చోటును ప్రతిఫలంగానే చూస్తారు.

గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. పర్యాటక శాఖకు మా విన్నపం ఒక్కటే. వచ్చే అక్టోబరులోపు గండికోటలో ఒకటి, బెలుం గుహల దగ్గర ఒకటి, బండ్ల మురుగు పోసుకునే మూసిన ట్యాంకులు కట్టించండి. వాటిని ఏ క్యాంపు బండి అయినా వాడుకోనివ్వండి. చోటుకు బదులు పనిచేసే వారి ఒప్పందానికి గంటలు, సెలవులు, అదనపు కూలి, ప్రమాద బీమా అనే నాలుగు గడులతో ఒక పేజీ నమూనా తెలుగులో అచ్చువేయించి ప్రతి క్యాంపు లైసెన్సుకూ జతచేయండి.

ఇట్లు,
క్యాంపుల నిర్వహణ పనిలో ఉన్న కొందరం,
జమ్మలమడుగు, వైఎస్ఆర్ కడప జిల్లా