లైబ్రరీ గది సంగతి

పశ్చిమ మాంబళం,
చెన్నై.

చి॥ల॥సౌ॥ శారదకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నాన్నగారి షుగరు అదుపులోనే ఉంది, నోరే అదుపులో లేదు. పక్కింటివాళ్ళు మేడ మీద ఇంకో గది వేస్తున్నారు, పొద్దస్తమానం మోత. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది. పనుల్లో ఉంటావులే అనుకున్నాను. ఈలోగా రాజ్యం అత్తయ్య బెంగళూరు నుంచి వచ్చింది. మీ స్కూల్లో లైబ్రరీ గది తీసేసి కంప్యూటర్లు పెడుతున్నారట, నువ్వు రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకు తిరుగుతున్నావట. రాజ్యం మాటల్లో సగం తీసేయాలని మనకు తెలిసిందే. ఏ సగమో తెలియక రాస్తున్నాను, అంతే.

ఈ ఏడు ఆవకాయ బాగా కుదిరింది. బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో చిన్నా వస్తున్నాడు, వాడితో పంపిస్తాను.

ఒకటో తరగతి పిల్లలు పుస్తకాలు తలకిందులుగా పట్టుకుంటున్నారని కిందటిసారి చెప్పావు. పట్టుకోనీ, బొమ్మలు చూసి వాళ్ళే తిప్పుకుంటారు. జానపద కథలకు 398 నంబరు వేశానన్నావు. విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు వేసే ఆ డ్యూయీ లెక్క పెద్దవాళ్ళకు. ఆరేళ్ళ పిల్లకైతే పుస్తకం మీద ఎర్ర చుక్క అంటించి, ముందు అట్ట కనిపించేలా కింది అరలో పెట్టు. చదవడం రానివాళ్ళకు వరసగా నిలబెట్టిన పుస్తకాలు గోడతో సమానం. పుస్తకాలు వాడుకోవడానికే అని లైబ్రరీ శాస్త్రానికి సూత్రాలు రాసిన రంగనాథన్ గారు 1931లోనే, మద్రాసు యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తూ, మొదటి సూత్రంగా రాశారు. ఆయన చివరి రోజులు గడిపింది మీ బెంగళూరులోనే, మీ హెడ్ గారికి ఆ మాట చెప్పు.

కథ అయిపోగానే నీతి ఏమిటని అడక్కు. రెండోరోజు నుంచి పిల్లలు కథ వినడం మానేసి జవాబు వెతుక్కుంటారు. తాతయ్య చందమామలో బేతాళ కథ చదువుతూ సరిగ్గా ప్రశ్న దగ్గర ఆపి వక్కపొడి వేసుకునేవారు. ఆయన నమిలేలోగా మేం కొట్టుకు చచ్చేవాళ్ళం.

అన్నట్టు, నేను పనిచేసే రోజుల్లో మా స్కూల్లో పుస్తకాల బీరువా తాళంచెవి హెడ్మాస్టరు జేబులో ఉండేది. చిరుగుతాయని భయం. దుమ్ము దులుపుతానని చెవి తీసుకున్నాను, మళ్ళీ ఇవ్వలేదు. పూలమ్మే ఆవిడ కొడుకు, మూడో తరగతి, పులి కథ ఇంటికి తీసుకెళ్ళి చివరి పేజీ లేకుండా తెచ్చాడు. ఎలక కొరికిందన్నాడు. ఎలక స్కేలు పెట్టుకుని కొరుకుతుందా? తర్వాత వాళ్ళమ్మే వచ్చి చెప్పింది. ఆ పేజీలో పులిని కాల్చేస్తారు. అది విని వీడి చెల్లెలు అన్నం మానేసిందట. అందుకని చింపి బియ్యం డబ్బాలో దాచాడు. హెడ్మాస్టరు పుస్తకం ఖరీదు కట్టమన్నారు. ఆవిడ పేజీ తెచ్చి ఇచ్చినా నేను అంటించలేదు, దాని చోట తెల్లకాగితాలు అంటించాను. ఇక తీసుకున్న ప్రతివాడూ ఒక ముగింపు రాశాడు. ఒకడి పులి వడపళనిలో బస్సెక్కి వెళ్ళిపోయింది. ఒక పిల్ల రాసిన పులి మటన్ కొట్టు పెట్టింది. తెలుగు రాయడం రానివాళ్ళు తమిళంలో రాశారు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన పుస్తకం పాడుచేశారని రిమార్కు రాశాడు, కానీ చివరిదాకా చదివాకే కింద పెట్టాడు. మీ పిల్లల్నీ అలాగే కన్నడమో, ఉర్దూనో, ఇంట్లో మాట్లాడే మాటలోనే తిరిగి చెప్పనీ. తప్పులు దిద్దకు. వేలు పెట్టి చదవనీ.

లెక్చరు మొదలైందని నాన్నగారు నవ్వుతున్నారు. సరే.

గది పోతే పోనీవే. మెట్ల కింద చాప పరుచుకుని కథ చెప్పుకోవచ్చు. బీరువా మాత్రం పిల్లల చేతికి అందే చోట పెట్టించు, ఆ విషయంలో గట్టిగా నిలబడు. రాజీనామా ఇచ్చేస్తే తాళంచెవి ఎవరి చేతికి పోతుందో కాస్త ఆలోచించు. ఇవ్వొద్దనడం లేదు. అల్లుడుగారు ఏమంటున్నారో కూడా రాయి.

అట్టల దుమ్ముకి నీకు తుమ్ములు వస్తాయి, ముక్కుకి గుడ్డ కట్టుకో. మధ్యాహ్నం బన్నూ టీతో సరిపెడుతున్నావని కూడా రాజ్యమే చెప్పింది, ఈ సగం మాత్రం నేను నమ్మాను. చిన్నా చేతికి డబ్బాలు తిరిగి పంపు, మూతలతో సహా. ఆదివారం ఎనిమిదిలోపు ఫోన్ చెయ్యి, తర్వాత నాన్నగారు టీవీ పెడితే నాకేమీ వినపడదు.

అమ్మ