స్టిక్కర్ కింద ఏముందో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో కార్లకు వినైల్ ర్యాప్, అంటే బండి ఒంటి నిండా అతికించే రంగు ప్లాస్టిక్ ఫిల్మ్, మా భాషలో రంగు స్టిక్కర్, వేయించుకోవడం మీద ఒక పేజీ నిండా రాశారు. ఫొటోలు బాగున్నాయి. అందులో ‘పెయింటుకు ఎలాంటి హానీ ఉండదు, మొహం మొత్తితే ఊడదీసుకోవచ్చు’ అని ఒక మాట ఉంది. నా పేచీ ఆ మాటతోనే. అబద్ధమని అనను, సగమే నిజం. మిగతా సగం మొన్న మంగళవారం మా షెడ్డులో నా కళ్లముందే ఊడి వచ్చింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 34 ఏళ్లుగా కార్లకు పెయింటు వేస్తున్నాను. పెయింటరు స్టిక్కర్ గురించి మంచి చెబుతాడా అని మీకు అనిపించవచ్చు. మా షెడ్డు మధ్యలో మూడేళ్ల కిందట గోడ కట్టాం. అటు నేను పెయింటు వేసే బూత్, ఇటు మా కొడుకు స్టిక్కర్ గది. వాడు బెంగళూరు వెళ్లి పని నేర్చుకొచ్చాడు. ఏసీ పెట్టించాడు, దుమ్ము లేవకుండా నేలంతా ఎపాక్సీ పూత పోయించాడు. మొదట్లో నేను ఆ గదిని ‘రేడియం షాపు’ అని ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పుడు మానేశాను, షెడ్డు అద్దెలో సగం ఆ గదే కడుతోంది మరి. కనుక ఎవరి పక్క మాట్లాడినా నష్టం మా ఇంట్లోనే.

గుడివాడ వైపు రైస్‌మిల్లు వాళ్లబ్బాయి ఒకతను ఫోర్డ్ మస్టాంగ్ జీటీ అనే స్పోర్ట్స్ కారు తెచ్చాడు. 2016లో మన దేశంలోకి వచ్చినప్పుడు ఢిల్లీ షోరూంలో 65 లక్షలు చెప్పిన బండి. ఐదు లీటర్ల ఇంజను, ఎనిమిది సిలిండర్లు. అది మా వీధిలోకి తిరిగితే పక్క షెడ్ల కుర్రాళ్లు పానాలు కింద పడేసి వచ్చి నిలబడతారు. ఆ అబ్బాయి దాన్ని రెండేళ్ల కిందట హైదరాబాదులో సెకండ్ హ్యాండులో కొన్నాడు. కొనేనాటికే బండికి బూడిద రంగు మ్యాట్, అంటే మెరుపు లేని, స్టిక్కర్ ఉంది. ఆర్సీలో మాత్రం రంగు ఎరుపు. ఈ రెండు ఎండాకాలాల్లో బానెట్ మీదా టాపు మీదా స్టిక్కర్ ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది. పాతది తీసేసి ముదురు నీలం వేయమని మావాడి దగ్గరికి వచ్చాడు.

ముందు డ్రైవరు పక్క డోరు మొదలుపెట్టారు. హీట్ గన్‌తో చెయ్యి ఓర్చుకునేంత వెచ్చబెట్టి, అంచు దగ్గర గోటితో లేపి, పైకి లాగకుండా బాడీకి ఆనించినట్టు పక్కకి వాలుగా లాగుతారు. డోరు మీది స్టిక్కర్ మొత్తం ఒక్క ముక్కగా వచ్చేసింది. కింద కంపెనీ ఎరుపు. ఏళ్ల నాటి బండి, ఒక్క గీత లేదు. ఎండకు వెలవలేదు, కడిగే గుడ్డల గజిబిజి గీరలు లేవు. ఇన్నేళ్ల నా సర్వీసులో పాత బండి మీద అలాంటి డోరు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చూశాను. స్టిక్కర్‌కు దండం పెట్టాలనిపించిన క్షణం అదొక్కటే, నిజం ఒప్పుకుంటున్నాను.

తరవాత బానెట్. అక్కడ స్టిక్కర్ ఎండకు కాలి పెళుసెక్కింది. షీటుగా రాదు, గోరంత గోరంత ముక్కలుగా వస్తుంది. మధ్యాహ్నం దాకా ఇద్దరు కూర్చుని గిల్లారు. కుడివైపు అంచుకి వచ్చేసరికి వస్తున్న ముక్క వెనక వైపు ఎర్రగా ఉంది. తాండ్ర ఎండబోసిన చాప నుంచి సరిగ్గా ఆరకముందే లాగితే చాప పీచు దానితోనే వస్తుంది చూడండి, అలా స్టిక్కర్‌తో పాటు పెయింటు వచ్చేసింది. అరచేతి మందాన ఊడింది. కింద బూడిద రంగు ప్రైమరు, దాని కింద లప్పం.

ఆ అబ్బాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, “బాబాయ్, ఇది యాక్సిడెంట్ బండా?” అన్నాడు.

“బానెట్ సంగతి తెలిసింది బాబూ. మిగతాది లిఫ్టు మీద పెడితే తెలుస్తుంది” అన్నాను.

ఇక్కడో చిన్న సంగతి. పాత బండి కొనేటప్పుడు లప్పం పట్టుకోడానికి మా వాళ్లు జేబులో అయస్కాంతం ముక్క పెట్టుకెళతారు. ఇనుము మీద లప్పం మందంగా ఉంటే అది అతుక్కోదు. కానీ ఈ బండి బానెట్టూ ముందు మడ్‌గార్డులూ అల్యూమినియంవి. అయస్కాంతం వాటి మీద మామూలుగానే అతుక్కోదు. పైగా ఒంటి నిండా స్టిక్కర్. ఇక ఎవరికి తెలుస్తుంది? పెయింటు మందం కొలిచే మీటరు ఉంటుంది, అల్యూమినియం మీదా చూపించే రకం అయి ఉండాలి. కంపెనీ పెయింటు అన్ని పొరలూ కలిపి వంద మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటి ఏదో కాస్త ఉంటుంది. స్టిక్కర్ దాదాపు ఇంకో వంద. ఆ బానెట్ మీద, ఊడిన చోటుకి పక్కనే మీటరు ఆనిస్తే 600 దాటింది.

అంటే స్టిక్కర్ పెయింటును పాడుచేసిందా? లేదు. కంపెనీ పెయింటు జోలికి అది పోలేదు, డోరే సాక్ష్యం. ఎవరో హడావిడిగా, కింది పొరను సరిగ్గా రుద్దకుండా, ఆరకుండా వేసిన పెయింటునే అది లాక్కొచ్చింది. ఇందులో తప్పు నా వృత్తి వాళ్లదే. ఆ తప్పును ఇన్నాళ్లూ దాచిపెట్టింది మాత్రం స్టిక్కరు. మీ వ్యాసంలో ‘పెయింటుకు’ అన్న చోట ‘కంపెనీ పెయింటుకు’ అని ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు.

కంపెనీ పెయింటు అని ఎందుకు అంతలా పట్టుకున్నానో చెప్పాలి. ఫ్యాక్టరీలో బండికి సీట్లు, వైర్లు, గాజులు ఏవీ లేనప్పుడు ఉత్త ఇనప గుల్లను తొట్టెలో ముంచి తీస్తారు. దాన్ని నూట అరవై, నూట డెబ్బై డిగ్రీల్లో కాలుస్తారు. పై పొరల్నీ నూట ముప్పై, నలభైలో కాలుస్తారు. నా బూత్‌లోకి వచ్చే బండి పూర్తిగా తయారైన బండి. అరవై, డెబ్బై దాటించానంటే ప్లాస్టిక్కులు వంగుతాయి, రబ్బర్లు సాగుతాయి, లోపలి ఎలక్ట్రానిక్స్ సంగతి దేవుడెరుగు. అందుకే మేం పెయింటును గట్టిపరిచే హార్డెనర్ కలిపి తక్కువ వేడిలో ఆరబెడతాం. ఎంత బాగా వేసినా, పక్కన పెట్టి చూస్తే తేడా తెలియకుండా వేసినా, అది కంపెనీ పెయింటు కాదు. ఒకసారి గీకేస్తే ప్రపంచంలో ఏ మేస్త్రీ దాన్ని తిరిగి తేలేడు. అందుకే ఎరుపు మస్టాంగ్‌ను నీలం చేయమని నా దగ్గరికి వస్తే నేనే గోడ అవతలికి పంపిస్తాను. రంగు మార్చాలంటే ఇంజను గదిలో, డోర్ల సందుల్లో, డిక్కీ మూత కింద అన్నిచోట్లా వేయాలి, బండి సగం విప్పాలి. ఇంత చేశాక అమ్మబోతే కొనేవాడు మొదట అడిగేది, “ఏం గుద్దారు?” అనే. స్టిక్కర్‌కు ఆ బాధ లేదు. కాకపోతే డోరు తీసినప్పుడల్లా లోపల పాత ఎరుపు తొంగిచూస్తుంది. కొందరికి అది ముచ్చట, కొందరికి నామోషీ.

జర్మనీలో ట్యాక్సీలు చాలావరకు లేత దంతం రంగులో ఉంటాయి. అక్కడి ట్యాక్సీవాళ్లు నల్ల కారో వెండి రంగు కారో కొని పైన ఆ రంగు ఫిల్మ్ అతికిస్తారట. ట్యాక్సీగా తిరిగి తిరిగి, అమ్మే రోజున ఒలిచేస్తే కింద మామూలు కారు. మావాడు ఈ సంగతి చెప్పినప్పుడు స్టిక్కర్ వెనక లెక్క ఉందని మొదటిసారి ఒప్పుకున్నాను. కాని జర్మనీ ఎండ వేరు, బెజవాడ ఎండ వేరు. ఫిల్మ్ కంపెనీవాళ్లే తమ వారంటీ కాగితాల్లో నిలువు భాగాలకు ఒక లెక్క, ఆకాశాన్ని చూసే బానెట్, టాపులకు అంతకంటే తక్కువ లెక్క రాస్తారు. ఆ చిన్న అక్షరాలు బండి యజమానికి ఎవరూ చదివి వినిపించరు. అపార్టుమెంటు సెల్లారులో ఉండే బండీ, ఇంటి ముందు వేపచెట్టు కింద ఉండే బండీ ఒకటి కాదు. చెట్టు కింద బండికి ఎండ తక్కువే, కాకుల బాధ ఎక్కువ. కాకి రెట్ట మ్యాట్ స్టిక్కర్ మీద ఒక మధ్యాహ్నం ఎండిందంటే మచ్చ మిగిలిపోతుంది. మెరిసే పెయింటయితే పాలిష్ పట్టి ఏదో చేస్తాను. మ్యాట్‌కు పాలిష్ పట్టామా, ఆ చోటు మెరుస్తుంది, ఇక అదొక కొత్త మచ్చ. మన బోరు నీళ్లతో కడిగి ఆరనిచ్చినా తెల్ల చుక్కలు తేలతాయి.

ఇంకో భ్రమ, స్టిక్కర్ ఉంటే రాళ్లు తగిలినా ఏం కాదని. హైదరాబాద్ రోడ్డులో టిప్పరు వెనక పడి పోయే స్పోర్ట్స్ కారుకు ఈ వంద మైక్రాన్ల పొర రాయిని ఆపదు. గోటి గీతలు ఆపుతుంది, అంతే. రాళ్లకు పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అని వేరే ఫిల్మ్ ఉంది. పాలీయూరితేన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, దీనికంటే బాగా మందం, ధర కూడా ఆ లెక్కనే.

స్టిక్కర్లలోనూ రెండు కులాలు. కాస్ట్ ఫిల్మ్, కేలండర్ ఫిల్మ్. మా ఇంట్లో ఆడవాళ్లకు ఇలా చెబితే వెంటనే అర్థమైంది. కాస్ట్ అంటే దోసె పోసినట్టు, పిండి జారుగా పోసి కాల్చింది. ఎలా పోస్తే అలా ఉండిపోతుంది. కేలండర్ అంటే పూరీ వత్తినట్టు, రోలర్ల మధ్య నొక్కి సాగదీసింది. వత్తిన మైదా పూరీ కాసేపటికి మళ్లీ దగ్గరికి ముడుచుకోదూ? ఈ ఫిల్మూ అంతే, ఎండ తగిలేకొద్దీ అంచుల నుంచి వెనక్కి పోతుంది. షాపు బోర్డులకూ చదునైన వ్యాన్ డోర్లకూ చాలు. మస్టాంగ్ వెనక మడ్‌గార్డుల ఉబ్బూ, ముందు బంపరు లోతులూ దానికి చేతకావు. మంచి ఫిల్మ్ అయినా ఆ లోతుల్లో అతికించాక మళ్లీ తొంభై డిగ్రీల పైకి వెచ్చబెట్టి దాని పాత బుద్ధి మరిపించాలి. తొందరలో ఆ పని ఎగ్గొడితే మూడో నెలలో బంపరు దగ్గర బుడగ లేస్తుంది. ఒక కారుకు ఐదడుగుల వెడల్పు రోలు 18 నుంచి 20 మీటర్లు పడుతుంది. సగం ధరకే చేస్తామన్నవాడు ఆ ఇరవై మీటర్లలో ఏది తగ్గించాడో అడగాలి.

బండి మీదే బ్లేడుతో అంచులు కోసేవాళ్లు మరీ ప్రమాదం. ఆ మస్టాంగ్ వెనక డిక్కీ మూత చుట్టూ జుట్టంత సన్నని గీత ఒకటి క్లియర్‌ను, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరను, కోసుకుంటూ పోయింది. స్టిక్కర్ ఉన్నన్నాళ్లూ కనపడదు. కోయడానికి బ్లేడుకు బదులు నూలు దాగిన టేపు ఉంది. ముందు టేపు వేసి, పైన ఫిల్మ్ పరిచి, లోపలి నూలు లాగితే ఫిల్మ్ మాత్రమే తెగుతుంది. మావాడు అదే వాడతాడు. బ్లేడు పట్టుకుంటే నేను గోడ అవతల నుంచి కేకేస్తానని వాడికి తెలుసు.

చట్టం సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ఆర్సీలో రంగు అనే గడి ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అనుమతి లేని మార్పుకు 2019 సవరణలో 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. రేపు ఒలిచేసే స్టిక్కర్ రంగు మార్పు కిందికి వస్తుందా అని వాదించే ఓపిక ఉంటే వాదించుకోవచ్చు. నేనైతే ముందే ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి రాయించుకోమంటాను, ఇన్సూరెన్సు వాళ్లకు కూడా ఒక కాగితం ఇవ్వమంటాను. క్లెయిము రోజున ఆర్సీలో ఎరుపు, ఎదురుగా బూడిద రంగు బండి ఉంటే సర్వేయరు ఏం అడుగుతాడో వేరే చెప్పాలా? ఇక ఆలివ్ గ్రీన్ రంగు సైన్యానిది, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది అదే చెబుతుంది. జీపులకు ఆ రంగు కావాలని నెలకొకరైనా వస్తారు, మావాడు టీ ఇచ్చి పంపేస్తాడు. అద్దాల నల్ల ఫిల్ములను 2012లో సుప్రీంకోర్టు వద్దన్నాక కూడా ఎన్నేళ్లు నడిపించామో మా ఆటోనగర్‌కు తెలుసు కాబట్టి ఎక్కువ మాట్లాడను.

నేను మీ పత్రిక ద్వారా అడిగేది ఒక్కటే. స్టిక్కర్ వేసే షాపులు బిల్లు మీద ‘ఫుల్ బాడీ’ అని గీకి వదిలేయకుండా ఫిల్మ్ పేరు, రోలు వెనక కాగితం మీది నంబరు రాయాలి. వేసే ముందు ప్రతి ప్యానెల్ మీదా మీటరు పెట్టి ఆ అంకెలు కూడా అదే బిల్లు మీద వేయాలి. పది నిమిషాల పని. ఆ మస్టాంగ్‌కు మొదట స్టిక్కర్ వేసినవాడు ఆ పని చేసి ఉంటే, ఈ కుర్రాడు కొనేటప్పుడు బిల్లు చూసి బానెట్ గురించి బేరం ఆడేవాడు, లేదంటే బండే వదిలేసేవాడు. మావాడితో ఈ పద్ధతి మొదలుపెట్టించాను. “నాన్నా, గిరాకీ పోతుంది” అన్నాడు. మొదటి వారంలోనే ఒకటి పోయింది కూడా.

లిఫ్టు మీద పెట్టి చూశాం. ఛాసిస్ శుభ్రంగా ఉంది, దెబ్బ బానెట్ దాకానే. ఇప్పుడు అది నా బూత్‌లో లప్పం అంతా గీకించుకుని ప్రైమరు మీద ఉంది. శనివారం ఎరుపు వేస్తాను. కొత్త పెయింటులోంచి లోపలి ఆవిరి పూర్తిగా పోవాలి కాబట్టి నెల రోజులు గడిస్తే గాని దాని మీద నీలం స్టిక్కర్ వేయనివ్వనని మావాడికీ ఆ అబ్బాయికీ చెప్పేశాను. ఆ అబ్బాయి డోరు మీది ఎరుపు చూసినప్పటి నుంచి నీలం వద్దేమో అంటున్నాడు. మావాడు నా మీద గుర్రుగా ఉన్నాడు.

ఇట్లు,
ఒక కార్ల పెయింటరు,
జవహర్ ఆటోనగర్, విజయవాడ