నిర్దోషులని నిరూపించే భారం తల్లులదా?

సంపాదకుడు గారికి,

చేయని నేరానికి తమ కొడుకులు జైల్లో మగ్గుతున్నారంటూ కలెక్టరేట్ ముందు కూర్చున్న తల్లుల వార్తను పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక మూల నాలుగు వాక్యాలతో సరిపెట్టారు. నిందితుల ముఖాలకు ముసుగు వేసి పోలీసులు విలేకరుల ముందు నిలబెట్టిన రోజున మాత్రం మొదటి పేజీలో రంగుల ఫొటో వేస్తారు. ఇదేం పద్ధతి?

ఇబ్రహీంపట్నం హాస్టల్ కేసు విజయవాడవాళ్లకు కొత్తగా చెప్పాలా? 2007 డిసెంబరులో ఆ హాస్టల్‌లో ఉంటున్న విద్యార్థిని హత్యకు గురైంది. మరుసటి ఏడాది నందిగామ వైపు యువకుణ్ణి పట్టుకున్నారు. 2010లో ఇక్కడి మహిళా కోర్టు యావజ్జీవం వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చి లక్ష రూపాయలు ఇవ్వమంది, దర్యాప్తు చేసిన పోలీసులపై చర్య తీసుకోమంది. ఎనిమిదేళ్లకు పైగా పోయిన వయసుకు లక్ష! కూతుర్ని పోగొట్టుకున్న తల్లి కూడా హంతకుడు ఇతను కాదని మొదటినుంచీ మొత్తుకుంది. చనిపోయిన పిల్ల తల్లి, జైలుపాలైన పిల్లాడి తల్లి ఒకే మాట చెబితే వినిపించుకున్న అధికారి ఎవరు? ఆ తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. 2019లో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేశారు. ఆ కన్నతల్లి అది కూడా భరించాల్సి వచ్చింది.

కోర్టు ఆవరణలో ఇలాంటి ఒక తల్లిని చూశాను. పాలిథీన్ కవరులో కాగితాలు, సగం అక్షరాలు మాసిపోయిన జిరాక్సులు. ఆమెకు చదువు రాదు. సాక్షుల ఎదుట పోలీసులు రాసే మధ్యవర్తుల రిపోర్టు ఏదో, ఫోరెన్సిక్ రిపోర్టు ఏదో వాటిపై ముద్రలను బట్టి గుర్తుపట్టి జూనియర్ లాయరుకు తీసి ఇస్తోంది. కూలి మానుకుని ములాఖత్‌కు రాజమండ్రి జైలుకు వెళ్లొచ్చే మనిషి, పోలీసులు సరిగా చేయని దర్యాప్తును తానే మళ్లీ చేయాలా?

కరెంటు బిల్లు ఆలస్యమైతే మన దగ్గర అపరాధ రుసుము వసూలు చేసే ప్రభుత్వం, అమాయకుణ్ణి జైల్లో పెట్టిన అధికారి దగ్గర ఏం వసూలు చేసింది? కేసు ఛేదించారని రివార్డులు ఇస్తారే, ఆ కేసు పైకోర్టులో వీగిపోతే ఒక్కటైనా వెనక్కి తీసుకున్నారా? కేసు కొట్టేసినప్పుడు తప్పు ఎవరిదో తేల్చి బాధ్యులపై చర్య తీసుకునే ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2014లోనే అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. మన రాష్ట్రంలో అలా ఎంతమందిపై చర్య తీసుకున్నారో హోంశాఖ ప్రకటించాలి. తప్పుడు కేసుల్లో నలిగినవారికి పరిహారం హక్కుగా దక్కేలా చట్టం చేయాలని, చట్టాల మార్పులపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ చట్టం ఇంతవరకు రాలేదు. దాని గురించి పార్లమెంటులో ఎప్పుడు అడుగుతారో మన ఎంపీలను మీ విలేకరులు నిలదీయాలి. వాళ్లు చెప్పిన జవాబును మొదటి పేజీలో వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సత్యనారాయణపురం, విజయవాడ