న్యాయశాఖ మంత్రి గారికి: మా పేరు చెప్పి ఖర్చు పెట్టొద్దు, మా పేరు చెప్పి మిగల్చొద్దు

మంత్రి గారూ, నమస్కారం.

మీ బల్ల మీదున్న ఫైలు అట్ట మీద రెండు పేర్లుంటాయి. ఒకవైపు ప్రభుత్వం, ఇంకోవైపు ముద్దాయి. చనిపోయినవాడి పేరు అట్ట మీద ఉండదు. లోపలికి వెళ్లి వెతికితే 'మృతుడు' అని కనిపిస్తాడు. ఆ మృతుడు మా అన్నయ్య.

హత్య జరిగి తొమ్మిదేళ్లయింది. మూడో ఏట ఒకతనికి యావజ్జీవం పడింది. పోయిన ఏడాది పై కోర్టు ఆ శిక్షను కొట్టేసి, కావాలంటే కేసు మళ్లీ మొదటి నుంచి నడుపుకోవచ్చని చెప్పింది. నడపాలా, ఉపసంహరించుకోవాలా అన్నది ఇప్పుడు మీ శాఖ తేల్చాలి. ఈలోగా టీవీ చర్చల్లో రెండు మాటలు వింటున్నాం. "ఆ కుటుంబానికి న్యాయం జరగాలంటే ఎంత ఖర్చయినా పెట్టాల్సిందే" అని ఒకరు. "ఇంత ప్రజాధనం పోసి ఆ కుటుంబం గాయాన్ని మళ్లీ కెలకడం ఎందుకు" అని ఇంకొకరు. ఇద్దరూ మా తరఫునే మాట్లాడుతున్నారు. ఇద్దరిలో ఒక్కరు కూడా ఫోన్ చేసి మమ్మల్ని అడగలేదు. మీ శాఖా అడగలేదు. అందుకే ఈ ఉత్తరం.

శిక్ష రద్దయిన సంగతి కూడా మాకు టీవీలోనే తెలిసింది. అమ్మ రాత్రి మాత్రలు వేసుకుంటోంది. కింద స్క్రోలింగులో మా కేసు సంగతి వచ్చింది. నేను రిమోట్ అందుకునేలోపే చదివేసింది. "అంటే వాడు చంపలేదనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ రాత్రి నాకు ముద్దాయి లాయరు మీద ఒళ్లు మండిపోయింది. తీర్పు కాపీ తెప్పించుకుని నాలుగుసార్లు చదివాక ఆ కోపం వేరే చోటికి మళ్లింది. హత్య జరిగిన వారంలోనే ఒకాయన పోలీసులకు వాంగ్మూలం ఇచ్చాడట, ఆ రాత్రి మా అన్నయ్యతో వేరే మనిషెవరో గొడవపడుతుంటే చూశానని. ఆ కాగితం డిఫెన్సుకు ఇవ్వలేదు, కోర్టు ముందు పెట్టలేదు. విచారణ జరిగినన్నాళ్లూ అది ఏదో బీరువాలో పడి ఉంది. మా చుట్టాలు దీన్ని "టెక్నికల్ కారణం" అంటున్నారు. మొదట్లో నేనూ అన్నాను. సాక్ష్యాన్ని దాచిపెట్టడం టెక్నికల్ ఎలా అవుతుందండీ? ముద్దాయి దగ్గర దాచినప్పుడు మా దగ్గరా దాచినట్టే. అన్నేళ్లూ మేం ఒకే మనిషిని పేరు పెట్టి తిట్టుకుంటూ బతికాం.

మా ఇంట్లోవాళ్లకు నచ్చని మాట ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. అతనే చంపాడని ఇప్పటికీ అనుకుంటున్నాను. అది నమ్మకమో అలవాటో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.

పునర్విచారణ అనే మాట చర్చల్లో తేలిగ్గా దొర్లిపోతుంది. మా ఇంట్లో ఆ మాట వినపడితే నాకు ఒక చొక్కా గుర్తొస్తుంది. మొదటి విచారణలో మా అమ్మ మూడో సాక్షి. ప్రాసిక్యూటర్ ఒక ఖాకీ కవరు సీలు విప్పించి అందులోంచి గళ్ల చొక్కా బయటికి తీయించాడు. దానికి నంబరు వేసిన చీటీ, చీటీ మీద సంతకాలు. మరకలన్నీ గోధుమరంగుకు తిరిగిపోయి, బట్ట ఒకవైపు అట్టలా బిగుసుకుపోయింది. "ఇలాంటివి బజార్లో వేలున్నాయి కదమ్మా, ఇది మీ అబ్బాయిదేనని ఎలా చెబుతున్నారు?" అని డిఫెన్స్ లాయరు అడిగాడు. అడగడం ఆయన పని, తప్పు పట్టను. అమ్మ దగ్గరికి వెళ్లి కింది నుంచి రెండో గుండీ చూపించింది. తెల్ల దారం అయిపోతే నల్ల దారంతో తనే కుట్టింది. తక్కినవన్నీ తెల్ల దారమే. ఆయన ఇంకేమీ అడగలేదు. గుమాస్తా చొక్కా మడత పెడుతుంటే అమ్మ "అలా కాదు నాయనా" అని చెయ్యి చాచింది. ముట్టుకోకూడదన్నారు.

మళ్లీ విచారణంటే మళ్లీ ఆ కవరు. అమ్మకు ఇప్పుడు డెబ్బై రెండు, ఒక కన్ను సరిగ్గా కనపడదు. అప్పుడు చెప్పిందంతా అక్షరం పొల్లుపోకుండా టైపై లాయరు చేతిలో ఉంటుంది. అప్పుడు రెండో గుండీ అని ఇప్పుడు మూడోదంటే చాలు, "అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా?" అంటారు. మొదటిసారి సాక్షికి ఉన్నది ఉన్నట్టు చెబితే సరిపోతుంది. రెండోసారి ఉన్నది చెప్పడంతో పాటు ముందు చెప్పింది అప్పజెప్పాలి, పరీక్షకు వెళ్లే పిల్లల్లా. అప్పటి సాక్షుల్లో ఇద్దరు పోయారు. పోయినవాళ్లు లోగడ చెప్పింది చదివి వినిపిస్తారట. చదివేటప్పుడు నిజం చెప్పినవాడి మాటా, అబద్ధమాడినవాడి మాటా ఒక్కలాగే ఉంటాయి.

అయితే పునర్విచారణ వద్దంటున్నావా అని మీరడగొచ్చు. అలా అనలేను. ఇంగ్లాండులో ఆన్ మింగ్ అనే తల్లి కథ చదివాక అసలే అనలేను. 1989లో ఆమె కూతురు కనపడకుండా పోయింది. పోలీసులు ఆ కూతురి ఇల్లు వెతికి ఏమీ లేదని వెళ్లిపోయారు. ఎనభై రోజులకు బాత్‌టబ్ పక్క పలక వెనక కూతురి శవాన్ని ఆ తల్లే కనుక్కుంది. రెండుసార్లు విచారణ జరిగింది, రెండుసార్లూ జ్యూరీ, అంటే అక్కడ తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం, ఒక మాట మీదికి రాలేదు, నిందితుణ్ణి నిర్దోషిగా వదిలేశారు. తర్వాత అతను తానే చంపానని ఒప్పుకున్నాడు. అయినా ఒకసారి నిర్దోషి అన్నాక అదే నేరానికి మళ్లీ విచారించకూడదన్నది అక్కడ తరతరాల సూత్రం. ఆమె వదల్లేదు. 2003లో చట్టం మారింది, 2006లో అతనికి యావజ్జీవం పడింది. ఆ ఒక్క కేసుకు ఎంతయిందని ఆమెను అడిగే ధైర్యం నాకు లేదు.

అమెరికాలోని మిసిసిపీలో ఇంకో కేసుంది. అది చదివితే భయమేస్తుంది. 1996లో ఒక ఫర్నిచర్ షాపులో నలుగురిని కాల్చి చంపారు. 1997 నుంచి 2010 దాకా ఒకే ప్రాసిక్యూటర్ కర్టిస్ ఫ్లవర్స్ అనే ఒక్క మనిషి మీదే ఆరుసార్లు విచారణ నడిపాడు. నాలుగుసార్లు శిక్ష పడింది, నాలుగూ పై కోర్టుల్లో నిలవలేదు. రెండుసార్లు జ్యూరీ తేల్చలేకపోయింది. ఆ ప్రాసిక్యూటర్ నల్లజాతివాళ్లను జ్యూరీలోకి రాకుండా ఏరేశాడని 2019లో అమెరికా సుప్రీంకోర్టు ఆఖరి శిక్షనూ కొట్టేసింది. 2020లో కేసే ఎత్తేశారు. అప్పటికి ఆ మనిషి దాదాపు ఇరవై మూడేళ్లు జైల్లో గడిపాడు. అవే ఫొటోలు, అవే ప్రశ్నలు ఆరుసార్లు. ఆ నాలుగు కుటుంబాల చేతికి చివరికి ఏం వచ్చింది? తప్పు చేసిన మనిషే ప్రతిసారీ పగ్గాలు పట్టుకుంటే పదోసారి నడిపినా అంతే.

బెస్ట్ బేకరీ కేసు ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. 2002 మార్చి 1న గుజరాత్ అల్లర్లలో వడోదరలోని ఆ బేకరీకి మూక నిప్పుపెడితే 14 మంది ప్రాణాలు పోయాయి. 2003లో నిందితులు 21 మందినీ వదిలేశారు. 2004లో సుప్రీంకోర్టు కేసును గుజరాత్ బయట మళ్లీ విచారించమంది. 2006లో ముంబై కోర్టు తొమ్మిది మందికి యావజ్జీవం వేసింది, 2012లో హైకోర్టు వాళ్లలో ఐదుగురిని వదిలేసి నలుగురికి ఖాయం చేసింది. ఆ నలుగురి శిక్ష పునర్విచారణ వల్లే వచ్చింది. అయితే అసలు పునర్విచారణ కావాలని పోరాడిన అమ్మాయే, ఆ మంటల్లో సొంతవాళ్లను పోగొట్టుకున్న అమ్మాయే, మాటలు మార్చినందుకు ఏడాది జైలుకు వెళ్లింది. ఆ అమ్మాయి మీద ఎన్ని వైపుల నుంచి ఎంత ఒత్తిడి పడి ఉంటుందో కోర్టు వరండాల్లో ఏళ్లు గడిపిన మాలాంటివాళ్లు ఊహించుకోగలరు. అడకత్తెరలో పోకచెక్కకు నిజం మాట్లాడమని చెప్పడం తేలిక.

ఇక ఖర్చు. దాని గురించి మాట్లాడటం నామోషీ అనుకోను. రెండు వైపుల లాయర్లు, ల్యాబుల్లో మళ్లీ పరీక్షలు, నిపుణుల రాకపోకలు, ఖైదీకి ఎస్కార్టు. అతనికి స్తోమత లేకపోతే అతని లాయరు ఫీజు కూడా ప్రభుత్వమే ఇవ్వాలి, మంచి లాయర్నే ఇవ్వాలి, మూడోసారి మళ్లీ ఇదే గోల రాకుండా. నాకు డబ్బు కంటే ఎక్కువ గుచ్చుకునేది కోర్టు రోజులు. మాకిచ్చే ప్రతి రోజూ ఇంకో కుటుంబం కేసు వాయిదా పడే రోజు. మొదటి విచారణలో నేను నలభై ఒక్క వాయిదాలు లెక్కపెట్టి ఆ తర్వాత మానేశాను. లోపల ఎవరి కేసు నడుస్తుంటే మేం బయట కూర్చున్నామో అప్పుడు నేనెప్పుడూ అడగలేదు.

కానీ ఈ ఖర్చును 'బాధిత కుటుంబం కోసం' అనే పద్దు కింద రాయకండి. ఇది బీరువాలో దాచిన కాగితం ఖర్చు. ఆ కాగితం దాచిన వాళ్లకు ఏమైందో మాకెవరూ చెప్పలేదు. తీర్పులో వాళ్ల గురించి 'విచారకరం' అని ఒకే ఒక్క మాట ఉంది. డబ్బు మిగిలినా అది మాకు రాదు, ఖర్చయినా మాకు రాదు. మధ్యలో మా పేరెందుకు?

నేనడిగేది ఇది. మొదటి కేసుతో ఏ సంబంధమూ లేని ప్రాసిక్యూటర్ ఒకరు దాచిన వాంగ్మూలంతో సహా మొత్తం ఫైలు చదవాలి. చదివాక కూడా సాక్ష్యం నిలబడుతుందనిపిస్తే ఖర్చు చూసుకోకుండా కేసు నడపండి. అమ్మ సాక్ష్యాన్ని వీడియో తీయించండి, మూడోసారి ఎక్కించకండి. విచారణ మొదలైతే రోజూ జరిగేలా చూడండి. కూర్చోడానికి వేరే గది ఇవ్వండి, మాకొకటి, ముద్దాయి వాళ్లకొకటి. పోయినసారి రెండు కుటుంబాలనూ ఒకే వరండాలో ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు. ఒకరోజు అమ్మకు దగ్గు తెర వస్తే ముద్దాయి తల్లి తన నీళ్ల సీసా ఇటు జరిపింది. అమ్మ తాగలేదు, వెనక్కి జరపనూ లేదు. మధ్యాహ్నం దాకా అది ఇద్దరి మధ్యా అలాగే ఉంది.

సాక్ష్యం నిలబడదనిపిస్తే అదే మాట చెప్పండి. 'కుటుంబం క్షోభను దృష్టిలో ఉంచుకుని' అని ప్రకటన ఇవ్వకండి. మా క్షోభ మీ దృష్టిలో ఉండి ఉంటే ఈపాటికి ఒక ఫోనైనా వచ్చేది. సాక్ష్యం చాలదని రాసి, కారణాలు కాగితం మీద మాకిచ్చి, ఆ రాత్రి గొడవపడిన రెండో మనిషి ఎవరో వెతికించండి. ఫైలు మూసేస్తే ఆ మనిషి సంగతి ఎవరికీ పట్టదు.

ఏ నిర్ణయమైనా టీవీ కంటే ముందు మాకు చెప్పండి.

అమ్మ అడగమన్నది ఒక్కటే. కేసు పూర్తయితే చొక్కా ఇస్తామని అప్పట్లో అన్నారు. అప్పీలు అయ్యేదాకా ఆగమన్నారు, ఆగాం. ఇప్పుడు విచారణ మళ్లీ మొదలైతే ఎన్నాళ్లకిస్తారో, కేసు ఎత్తేస్తే ఎవరిని అడగాలో మాకు తెలియదు. తెలిసినవాళ్లు మీ శాఖలో ఉంటే ఒకసారి ఫోన్ చేయించండి. నా సెల్‌కే చేయమనండి. ఇంటి ఫోన్ అమ్మ ఎత్తుతుంది.

ఇట్లు,
మృతుడి చెల్లెలు